కోర్‌బూట్, ఐపీఎక్స్‌ఈలతో కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి బూట్ చేయడం ఎలా?

కంప్యూటర్‌లో డిస్కు ఉన్నా లేకపోయినా, పవర్ బటన్ నొక్కగానే అది కేబుల్ గుండా సర్వర్‌ను అడిగి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చుకొని నడవడాన్ని నెట్‌వర్క్ బూట్ అంటాం. చాలా కంప్యూటర్లలో ఇందుకు పీఎక్స్‌ఈ అనే ఏర్పాటు ముందే ఉంటుంది. ఇంటెల్ ప్రచురించిన దాని 2.1 నిర్దేశం 1999 నాటిది. ఆ పద్ధతిలో ఫైళ్లు టీఎఫ్‌టీపీ ద్వారా వస్తాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న టీఎఫ్‌టీపీ ప్రమాణం 1992లో వెలువడింది. అది మూల రూపంలో ఒక్కో ప్యాకెట్‌లో 512 బైట్లు మాత్రమే పంపి, అందినట్టు జవాబు వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే మరో ప్యాకెట్ పంపుతుంది. అందువల్ల పదుల మెగాబైట్ల ఫైలు దాని మీద నత్తనడకన వస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది: ఏ ఫైలు తెచ్చుకోవాలో కంప్యూటర్‌కు చెప్పాల్సింది డీహెచ్‌సీపీ సర్వర్, అంటే నెట్‌వర్క్‌లోని యంత్రాలకు చిరునామాలు పంచే సర్వర్. అది చాలా చోట్ల ఎవరి అధీనంలోనో ఉన్న రౌటర్‌లో ఉంటుంది.

ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ (బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో ఉండి, పవర్ రాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) ఈ రెండు చిక్కులనూ తొలగిస్తుంది. ఈ వ్యాసంలో మూడు భాగాలను కలిపి వాడుతున్నాం. మొదటిది కోర్‌బూట్. 1999లో లాస్ అలమోస్ నేషనల్ లేబొరేటరీలో లైనక్స్‌బయోస్ పేరుతో మొదలై, 2008లో ఈ పేరు మార్చుకున్న ఈ ఫర్మ్‌వేర్ మెమరీని, చిప్‌సెట్‌ను సిద్ధం చేసి, తరువాతి పనిని పేలోడ్ అనే మరో ప్రోగ్రామ్‌కు అప్పగించి తప్పుకుంటుంది. రెండవది సీబయోస్. పాత తరహా బయోస్ సేవలను అందిస్తూ, ఏ పరికరం నుంచి బూట్ కావాలో తేల్చే పేలోడ్ ఇది. మూడవది ఐపీఎక్స్‌ఈ. ఈథర్‌బూట్, జీపీఎక్స్‌ఈల వారసత్వంతో 2010లో విడిగా మొదలైన ఈ ప్రాజెక్టు నెట్‌వర్క్ కార్డును నడిపి, డీహెచ్‌సీపీ ద్వారా చిరునామా తీసుకొని, ఫైళ్లను టీఎఫ్‌టీపీ మీదే కాక హెచ్‌టీటీపీ, ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కును వాడుకునే పద్ధతి) వంటి పద్ధతుల్లో కూడా తెచ్చుకోగలదు. అన్నిటికంటే ముఖ్యంగా, మనం రాసిన స్క్రిప్టును ఐపీఎక్స్‌ఈ తన లోపలే దాచుకోగలదు. సర్వర్ చిరునామా ఆ స్క్రిప్టులోనే ఉంటే, డీహెచ్‌సీపీ సర్వర్‌ను ముట్టుకోవాల్సిన అవసరమే ఉండదు. రౌటర్ ఐపీ చిరునామా ఇస్తే చాలు.

పనంతటికీ ఆధారమైన నియమం ఒకటి ముందే చెబుతాను. ఫర్మ్‌వేర్‌ను మార్చడమంటే ఫ్లాష్ చిప్‌ను మళ్లీ రాయడం. అది శ్రమతో, కొంత ప్రమాదంతో కూడిన పని. సర్వర్‌లో ఒక టెక్స్ట్ ఫైలును మార్చడం క్షణాల పని. అందుకే ఫర్మ్‌వేర్‌లో పెట్టేది వీలైనంత తక్కువగా ఉండాలి: “చిరునామా తీసుకో, ఫలానా స్క్రిప్టు తెచ్చుకో, దాన్ని నడుపు” అన్నంత మాత్రమే. కెర్నల్ పేర్లు, మెనూలు, పారామీటర్లు, ఏ యంత్రానికి ఏది అన్న నిర్ణయాలు అన్నీ సర్వర్‌లోనే ఉండాలి.

ఇక్కడ ఆదేశాలను, ఫైలు పేర్లను తెలుగు లిపిలో రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రాయాలి. ఉదాహరణలన్నిటిలో సర్వర్ చిరునామా 192.168.1.10 అనుకుందాం. దాని స్థానంలో మీ చిరునామా పెట్టుకోండి. అది మారకుండా స్థిరంగా ఉండేటట్టు చూసుకోండి, ఎందుకంటే ఫర్మ్‌వేర్‌లోకి ఎక్కేది ఆ ఒక్క సంఖ్యే.

1. సర్వర్‌ను సిద్ధం చేయడం

లైనక్స్ ఉన్న ఏ కంప్యూటరైనా సర్వర్‌గా పనికొస్తుంది. ఇంజిన్‌ఎక్స్ వంటి వెబ్ సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేసి, దాని ఫోల్డర్‌లో డెబియన్ అనే ఉపఫోల్డర్ సృష్టించండి. లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ విడుదల చేసే నెట్‌బూట్ ఆర్కైవ్‌ను విప్పితే లోపల డెబియన్-ఇన్‌స్టాలర్, దాని కింద ఏఎండీ64 ఫోల్డర్లు కనిపిస్తాయి. అక్కడి నుంచి రెండు ఫైళ్లు చాలు: కెర్నల్ అయిన ‘లైనక్స్’, తొలి ఫైల్ సిస్టమ్ అయిన ‘ఇనిట్‌ఆర్‌డీ.జీజెడ్’. రెంటినీ మీ డెబియన్ ఉపఫోల్డర్‌లోకి కాపీ చేయండి.

మరో అడుగు వేసే ముందు, వేరే కంప్యూటర్‌లో కర్ల్ ఆదేశంతో ఆ రెండు ఫైళ్లను దించి చూడండి. దిగిన ఫైళ్ల పరిమాణం సర్వర్‌లో ఉన్నంతే ఉందో లేదో సరిపోల్చండి. ఇది చిన్న పనిలా కనిపించినా, ఫైర్‌వాల్ 80వ పోర్టును అడ్డుకుంటున్నా, ఫైలు అనుమతులు తప్పుగా ఉన్నా ఇక్కడే బయటపడుతుంది. ఇదే లోపం ఫర్మ్‌వేర్ దశలో ఎదురైతే చేతిలో కర్ల్ ఉండదు, ఒక్క వరుస దోష సందేశం మాత్రమే ఉంటుంది.

2. రెండు స్క్రిప్టులు రాయడం

మొదటిది సర్వర్‌లో ఉండే స్క్రిప్టు. దీనికి ‘బూట్.ఐపీఎక్స్‌ఈ’ అని పేరు పెట్టండి. మొదటి వరుసలో హ్యాష్ గుర్తు, ఆశ్చర్యార్థకం, వాటిని ఆనుకుని ఖాళీ లేకుండా ఐపీఎక్స్‌ఈ అన్న పదం ఉండాలి. ఈ వరుస లేకపోతే, లేదా దానికి ముందు ఏ ఒక్క అక్షరం చేరినా, ఐపీఎక్స్‌ఈ ఆ ఫైలును స్క్రిప్టుగా గుర్తించక, ఫైలు రూపం తెలియడం లేదన్న అర్థంలో ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ చూపించి ఆగిపోతుంది. రెండవ వరుసలో ‘కెర్నల్’ ఆదేశం, కెర్నల్ ఫైలు పూర్తి హెచ్‌టీటీపీ చిరునామా, ఒక ఖాళీ, ఆపై ‘ఇనిట్‌ఆర్‌డీ=ఇనిట్‌ఆర్‌డీ.జీజెడ్’ అన్న పారామీటర్ రాయండి. మూడవ వరుసలో ‘ఇనిట్‌ఆర్‌డీ’ ఆదేశం, ఆ ఫైలు పూర్తి చిరునామా. నాలుగవ వరుసలో ‘బూట్’.

కెర్నల్ వరుసలోని ఆ పారామీటర్ గురించి ఒక మాట. సీబయోస్ మీద అది లేకపోయినా పని జరుగుతుంది. కానీ ఇదే స్క్రిప్టును రేపు యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త తరహా ఫర్మ్‌వేర్) ఉన్న కంప్యూటర్ తెచ్చుకుంటే, ఇనిట్‌ఆర్‌డీ దిగినా కెర్నల్ దాన్ని కనిపెట్టలేక, రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోతున్నానంటూ కెర్నల్ పానిక్‌తో ఆగిపోవచ్చు. రెండు చోట్లా హాని లేదు కాబట్టి ఎప్పుడూ రాయడమే మంచిది.

రెండవది ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లే స్క్రిప్టు. దీని మొదటి వరుస కూడా పైదే. ఆ తరువాతి వరుసను చాలామంది మరిచిపోతారు. మామూలుగా ఐపీఎక్స్‌ఈ బూట్ మొదలయ్యేటప్పుడు కంట్రోల్-బీ నొక్కితే ఆదేశాల తెర వస్తుందని చెబుతూ కొన్ని క్షణాలు ఆగుతుంది. లోపల మన స్క్రిప్టు ఉన్నప్పుడు మాత్రం ఆ అవకాశం ఇవ్వకుండా నేరుగా స్క్రిప్టులోకి వెళ్లిపోతుంది. సర్వర్ చిరునామా తప్పిన రోజున యంత్రం ముందు కూర్చొని చేయగలిగింది ఏమీ మిగలదు. అందుకని ‘ప్రాంప్ట్’ ఆదేశాన్ని మీరే పెట్టాలి: కీ విలువగా 0ఎక్స్02, గడువుగా 2000 మిల్లీసెకన్లు ఇచ్చి, తెర మీద కనిపించాల్సిన వాక్యం రాసి, ఆపై రెండు ఆంపర్‌శాండ్ గుర్తులు, ‘షెల్’ అన్న పదం, చివర రెండు నిలువు గీతలు. రెండు సెకన్లలో కంట్రోల్-బీ నొక్కితే షెల్ తెరుచుకుంటుంది, నొక్కకపోతే స్క్రిప్టు ముందుకు సాగుతుంది. వరుస చివరి నిలువు గీతలను వదిలేస్తే, కీ నొక్కకపోవడాన్నే వైఫల్యంగా భావించి స్క్రిప్టు అక్కడితో ముగుస్తుంది.

దాని కింద ‘డీహెచ్‌సీపీ’ ఆదేశం రాయండి. ఒక లేబుల్ పెట్టి, విఫలమైతే అక్కడికే తిరిగి వచ్చేలా ‘గోటూ’ జత చేస్తే, కరెంటు పోయి వచ్చినప్పుడు స్విచ్ కంటే ముందే కంప్యూటర్ లేచినా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆఖరి వరుసలో ‘చైన్’ ఆదేశం (మరో స్క్రిప్టును తెచ్చి నడిపేది ఇదే), సర్వర్‌లోని బూట్.ఐపీఎక్స్‌ఈ పూర్తి చిరునామా. ఫర్మ్‌వేర్ స్క్రిప్టు ఇక్కడితో అయిపోయింది. ఇంకేదైనా చేర్చాలనిపిస్తే, అది సర్వర్‌లో ఉంటే సరిపోదా అని ఒకసారి ఆలోచించండి.

3. క్యూఈఎంయూలో కట్టి పరీక్షించడం

నేరుగా నిజమైన బోర్డు మీదకు వెళ్లకండి. ఈ వరుస అంతా క్యూఈఎంయూ అనే ప్రోగ్రామ్ సృష్టించే వర్చువల్ యంత్రంలో పనిచేశాకే హార్డ్‌వేర్‌ను తాకాలన్నది నా గట్టి సలహా.

కోర్‌బూట్ సోర్స్‌ను గిట్ ద్వారా దించి, దాని సబ్‌మాడ్యూళ్లను కూడా తెచ్చుకోండి. సీ కంపైలర్, మేక్, బైసన్, ఫ్లెక్స్, కర్ల్, నాట్ అనే ఏడా కంపైలర్, ఎన్‌కర్సెస్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, జడ్‌లిబ్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు, వీటితోపాటు ఐపీఎక్స్‌ఈ కోసం పెర్ల్, లిబ్‌ఎల్‌జడ్‌ఎంఏ డెవలప్‌మెంట్ ప్యాకేజీ అవసరం. తరువాత ‘మేక్ క్రాస్‌జీసీసీ-ఐ386’ నడపండి. కోర్‌బూట్ తన సొంత కంపైలర్‌ను కట్టుకునే ఈ దశకు చాలాసేపు పడుతుంది. మీ డిస్ట్రిబ్యూషన్‌లోని కంపైలర్‌తో కట్టి సమయం ఆదా చేద్దామనుకోకండి. అలా కట్టినప్పుడు వచ్చే దోషాలను వెతకడానికి అంతకంటే ఎక్కువ సమయం పోతుంది.

‘మేక్ మెనూకాన్ఫిగ్’ తెరిచి, మెయిన్‌బోర్డ్ విభాగంలో ఎమ్యులేషన్‌ను, అందులో క్యూఈఎంయూ క్యూ35ను ఎంచుకోండి. పేలోడ్ విభాగంలో సీబయోస్ ఉండనివ్వండి. అక్కడే పీఎక్స్‌ఈ రామ్ చేర్చే అంశం కనిపిస్తుంది (ఈ వ్యాసంలో ‘రామ్’ అంటే మెమరీ కాదు, ఆర్-ఓ-ఎం: కార్డును నడిపే కోడ్ ఉన్న ఫైలు; ఆదేశాల్లో, ఫైలు పేర్లలోనూ అలాగే టైప్ చేయాలి). దాన్ని ఎంచుకుని, ఐపీఎక్స్‌ఈని సోర్స్ నుంచే కట్టి చేర్చమని చెప్పండి. నెట్‌వర్క్ కార్డు పీసీఐ సంఖ్యల దగ్గర 8086,100ఈ అని ఇవ్వండి. ఇది క్యూఈఎంయూలోని ఈ1000 కార్డు గుర్తు: ముందున్నది తయారీదారు సంఖ్య, తరువాతిది పరికరం సంఖ్య. ఆ కిందనే స్క్రిప్టు జోడించే అంశంలో, మీరు రాసిన ఫర్మ్‌వేర్ స్క్రిప్టు పూర్తి పాత్ ఇవ్వండి. సేవ్ చేసి ‘మేక్’ నడిపితే, బిల్డ్ ఫోల్డర్‌లో ‘కోర్‌బూట్.రామ్’ తయారవుతుంది.

ఈ పీసీఐ సంఖ్యల విషయంలో శ్రద్ధ అవసరం. సీబయోస్ లేవగానే ప్రతి పీసీఐ పరికరాన్నీ చూసి, ఆ పరికరం సంఖ్యలతో పేరు పెట్టిన రామ్ ఫైలు ఫ్లాష్‌లో కోర్‌బూట్ తన ఫైళ్లను ఉంచుకునే సీబీఎఫ్‌ఎస్‌లో ఉందేమోనని వెతుకుతుంది. ఒక్క అంకె తేడా వచ్చినా ఫైలు ఉండి కూడా లేనట్టే: దోష సందేశం ఏదీ రాదు, బూట్ మెనూలో ఐపీఎక్స్‌ఈ కనిపించదు, అంతే. అందుకే కట్టాక ‘సీబీఎఫ్‌ఎస్‌టూల్’తో కోర్‌బూట్.రామ్ లోపలి జాబితాను ప్రింట్ చేసి, ‘పీసీఐ8086,100ఈ.రామ్’ అన్న పేరు ఉందో లేదో కళ్లారా చూసుకోండి.

ఇప్పుడు క్యూఈఎంయూను క్యూ35 యంత్రంగా, 2048 మెగాబైట్ల మెమరీతో, బయోస్ ఫైలుగా మీ కోర్‌బూట్.రామ్ ఇచ్చి నడపండి. నెట్‌వర్క్‌ను యూజర్ రకంగా పెట్టి, ఈ1000 కార్డును జతచేసేటప్పుడు దాని ‘రామ్‌ఫైల్’ విలువను ఖాళీగా వదలండి. క్యూఈఎంయూ తన కార్డులకు తనదైన ఐపీఎక్స్‌ఈని ముందే తగిలించి ఇస్తుంది. దాన్ని తీసేయకపోతే, పనిచేసింది మీరు కట్టినదో, దాంతో వచ్చినదో చెప్పలేరు. యూజర్ రకం నెట్‌వర్క్‌లో వర్చువల్ యంత్రానికి 10.0.2.15 చిరునామా వస్తుంది. అక్కడి నుంచి మీ అసలు సర్వర్ కూడా అందుతుంది కాబట్టి స్క్రిప్టు మార్చనక్కర్లేదు. ఎస్కేప్ కీతో సీబయోస్ బూట్ మెనూ తెరిచి ఐపీఎక్స్‌ఈని ఎంచుకోండి. అన్నీ సరిగ్గా ఉంటే ఫైళ్లు దిగుతున్న శాతాలు కనిపించి, కాసేపటికి డెబియన్ ఇన్‌స్టాలర్ తెర వస్తుంది.

4. నిజమైన యంత్రం మీద

కోర్‌బూట్ అన్ని బోర్డుల మీదా నడవదు. మీ మోడల్ దాని మద్దతు జాబితాలో ఉందని నిర్ధారించుకోండి. లేకపోతే దారి మూసుకుపోయినట్టేమీ కాదు: ఐపీఎక్స్‌ఈ సోర్స్‌లో అదే స్క్రిప్టును ఎంబెడ్ చేసి యూఎస్‌బీ రూపంలో కట్టి, పెన్‌డ్రైవ్‌కు రాసి వాడుకోవచ్చు. ఫ్లాష్ రాసే ఈ భాగం తప్ప మిగతా వ్యాసమంతా మీకూ వర్తిస్తుంది.

ఉదాహరణకు థింక్‌ప్యాడ్ ఎక్స్230 తీసుకుందాం. మొదట అసలు ఫర్మ్‌వేర్ ఉండగానే లైనక్స్‌లో ‘ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్ఎన్’ నడిపి ఈథర్‌నెట్ వరుస చూడండి. ఈ మోడల్‌లో ఇంటెల్ 82579ఎల్‌ఎం కార్డుకు 8086:1502 కనిపిస్తుంది. మెనూకాన్ఫిగ్‌లో మెయిన్‌బోర్డ్‌ను, ఈ సంఖ్యలను మార్చి మళ్లీ కట్టండి. కోలన్ స్థానంలో కామా రావాలని మరవకండి.

ఈ యంత్రంలో రెండు ఫ్లాష్ చిప్‌లు ఉంటాయి, ఒకటి 8 మెగాబైట్లు, మరొకటి 4 మెగాబైట్లు. ఫ్లాష్ డిస్క్రిప్టర్ (ఫ్లాష్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక), ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్, ఈథర్‌నెట్ భాగం 8 మెగాబైట్ల చిప్‌లో ఉంటాయి. నెట్‌వర్క్ కార్డుకు ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య, అంటే మ్యాక్ చిరునామా, ఆ ఈథర్‌నెట్ భాగంలోనే నిక్షిప్తమై ఉంటుంది కాబట్టి, నెట్‌వర్క్ బూట్ కోసం ఇంత చేస్తూ దాన్ని చెరిపేసుకోకూడదు. సీబీఎఫ్‌ఎస్ పరిమాణాన్ని 4 మెగాబైట్లకు మించకుండా పెట్టి, తయారైన 12 మెగాబైట్ల ఫైలులోని చివరి 4 మెగాబైట్లను వేరుచేసి, వాటిని 4 మెగాబైట్ల చిప్‌కు మాత్రమే రాస్తే మొదటి చిప్ జోలికి వెళ్లే పనే ఉండదు.

తయారీదారు ఫర్మ్‌వేర్ ఫ్లాష్‌కు రక్షణ పెట్టి ఉంటుంది కాబట్టి, తొలిసారి బయటి ప్రోగ్రామర్, ఎనిమిది కాళ్ల చిప్‌ను పట్టుకునే క్లిప్ కావాలి. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ విప్పిన తరువాతే బోర్డును తాకండి. సీహెచ్341ఏ రకం చవక ప్రోగ్రామర్లలో చాలావాటి డేటా తీగల మీద 5 వోల్టులు వస్తాయి, ఈ చిప్‌లకు కావలసింది 3.3 వోల్టులు. మల్టీమీటర్‌తో కొలిచి చూసుకోకుండా తగిలించవద్దు. ఫ్లాష్‌రామ్ ఆదేశంతో చిప్‌ను రెండుసార్లు చదివి, రెండు ఫైళ్ల చెక్‌సమ్‌లు ఒకటేనా అని చూడండి. తేడా ఉంటే క్లిప్ సరిగా ఆనలేదని అర్థం. రెండూ కలిసేదాకా రాయడం మొదలుపెట్టకండి. కలిసిన ప్రతిని వేరే కంప్యూటర్‌లో భద్రపరచండి. యంత్రం లేవకపోతే తిరిగి తెచ్చేది ఆ ప్రతే.

ఒకసారి కోర్‌బూట్ ఎక్కాక, తరువాతి మార్పులను యంత్రం లోపలి నుంచే ఫ్లాష్‌రామ్ ‘ఇంటర్నల్’ పద్ధతిలో రాసుకోవచ్చు. ఇటీవలి కెర్నళ్లలో ఇందుకు బూట్ పారామీటర్‌గా ‘ఐఓమెమ్=రిలాక్స్‌డ్’ ఇవ్వాల్సి రావచ్చు. ఈ పద్ధతిలో ఫ్లాష్‌రామ్‌కు 12 మెగాబైట్ల పూర్తి ఫైలు కావాలి కాబట్టి, బయోస్ భాగాన్ని మాత్రమే రాయమని ఆదేశంలో స్పష్టంగా చెప్పండి. లేకపోతే మొదటి చిప్‌లో మనం కాపాడుకున్న డిస్క్రిప్టర్, ఈథర్‌నెట్ వంటి భాగాలు కూడా మారిపోవచ్చు.

5. యంత్రానికో స్క్రిప్టు

బూట్.ఐపీఎక్స్‌ఈలో నేరుగా ఇన్‌స్టాలర్‌ను పెట్టడం పరీక్షకు బాగుంటుంది, రోజూ వాడకానికి కాదు. మనుషుల ప్రమేయం లేకుండా డిస్కును తుడిచే ఇన్‌స్టాలర్ అయితే, మామూలుగా రీస్టార్ట్ చేసిన కంప్యూటర్‌లోని డేటా మొత్తం పోతుంది. ఐపీఎక్స్‌ఈ తన స్క్రిప్టుల్లో డాలర్ గుర్తు, కర్లీ బ్రాకెట్ల మధ్య రాసిన పేర్ల స్థానంలో అసలు విలువలను నింపుతుంది. ‘నెట్0/మ్యాక్:హెక్స్‌హైప్’ అని అలా రాస్తే, కార్డు మ్యాక్ చిరునామా నడుమ హైఫన్లతో వస్తుంది. కాబట్టి బూట్.ఐపీఎక్స్‌ఈలో మొదటి వరుస తరువాత ఒకే ‘చైన్’ వరుస ఉంచి, మ్యాక్ చిరునామాయే పేరుగా ఉన్న స్క్రిప్టును తెమ్మనండి. వరుస చివర రెండు నిలువు గీతలు పెట్టి ‘ఎగ్జిట్’ రాయండి. ఆ యంత్రం పేరుతో ఫైలు ఉంటే అది నడుస్తుంది, లేకపోతే అదుపు తిరిగి సీబయోస్ చేతికి వెళ్లి, తరువాతి పరికరమైన డిస్కు నుంచి బూట్ అవుతుంది. ఏమీ చెప్పనప్పుడు ఏమీ చెడగొట్టని పని జరగడమే సరైన డిఫాల్ట్.

ఎస్కేప్ నొక్కకుండానే ప్రతిసారీ నెట్‌వర్క్ ముందు రావాలంటే, సీబీఎఫ్‌ఎస్‌లో ‘బూట్‌ఆర్డర్’ అనే టెక్స్ట్ ఫైలు చేర్చాలి. అందులో రాయాల్సిన పరికరం పాత్‌ను ఊహించి రాయకండి. లైనక్స్‌లో ‘సీబీమెమ్ -సీ’ నడిపితే వచ్చే లాగ్‌లో, సీబయోస్ బూట్‌ఆర్డర్ కోసం ఏ పాత్‌లను వెతికిందో వరుసగా ఉంటుంది. నెట్‌వర్క్ కార్డుకు చెందినదాన్ని అక్కడి నుంచే యథాతథంగా కాపీ చేయండి.

6. ఆగిపోయినప్పుడు ఎక్కడ చూడాలి

బూట్ మెనూలో ఐపీఎక్స్‌ఈ లేకపోతే పీసీఐ సంఖ్యలు తప్పినట్టే. అది ఉండి డీహెచ్‌సీపీ దగ్గర ఆగితే, కంట్రోల్-బీతో షెల్‌లోకి వెళ్లి ‘ఐఎఫ్‌స్టాట్’ నడపండి. లింక్ డౌన్ అని ఉంటే కేబుల్ లేదా పోర్టు సమస్య. లింక్ అప్ అని ఉండి కూడా చిరునామా రాకపోతే, స్విచ్‌లో నెట్‌వర్క్ వలయాలను అడ్డుకునే స్పానింగ్ ట్రీని అనుమానించండి. అది కొత్తగా లేచిన పోర్టును 30 సెకన్ల దాకా డేటా పంపనివ్వదు. ఆ పోర్టును ఎడ్జ్ పోర్టుగా, అంటే అలా ఆగకుండా వెంటనే డేటా పంపనిచ్చేదిగా, మార్చాలి. అప్పటికీ తేలకపోతే, అదే నెట్‌వర్క్‌లోని మరో కంప్యూటర్‌లో నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే టీసీపీడంప్‌తో, డీహెచ్‌సీపీ వాడే 67, 68 పోర్టుల మీద నిఘా పెట్టండి. యంత్రం అడుగుతోందా, ఎవరూ పలకడం లేదా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

చిరునామా వచ్చాక తలెత్తే సమస్యలకు వెబ్ సర్వర్ లాగ్ అన్నిటికంటే నమ్మదగిన సాక్షి. అందులో ఐపీఎక్స్‌ఈ పేరుతో ఒక్క అభ్యర్థన కూడా లేకపోతే దారిలో అడ్డంకి ఉంది. 404 ఉంటే ఫైలు పేరు తప్పింది. 200 ఉండి కూడా ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ వస్తే, ఫైలు స్థానంలో ఏదో వెబ్ పేజీ వెళ్లింది, లేదా స్క్రిప్టు మొదటి వరుస చెడింది. ప్రతి దోషంతోపాటు ఐపీఎక్స్‌ఈ ఒక వెబ్ చిరునామాను కూడా చూపిస్తుంది. దాని చివరి సంకేతం ఆ దోషానికే ప్రత్యేకం కాబట్టి ఫోన్‌లో తెరిచి చదవండి, వివరణ అక్కడ ఉంటుంది.

7. నమ్మకం సంగతి

ఇప్పటిదాకా కట్టినది మీ చేతిలో ఉన్న, బయటివారు చేరలేని నెట్‌వర్క్‌కు సరిపోతుంది. హెచ్‌టీటీపీలో పంపినవారెవరో రుజువు ఉండదు కాబట్టి, అదే నెట్‌వర్క్‌లో మరొకరు 192.168.1.10 తామేనని నటిస్తే, వారిచ్చిన కెర్నల్‌నే యంత్రం నడుపుతుంది. అలాంటి అవకాశం ఉన్న చోట హెచ్‌టీటీపీఎస్ వాడాలి. ఐపీఎక్స్‌ఈని విడిగా దించి, కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని జనరల్ హెడర్ ఫైలులో హెచ్‌టీటీపీఎస్‌ను ప్రారంభించి, మేక్ వరుసలో ‘ఎంబెడ్’కు మీ స్క్రిప్టును, ‘సర్ట్’, ‘ట్రస్ట్’ విలువలకు మీ సొంత రూట్ సర్టిఫికెట్‌ను ఇచ్చి, 80861502.రామ్‌ను కట్టండి. అప్పుడు ఆ సర్టిఫికెట్‌తో సంతకమైన సర్వర్‌ను తప్ప ఇంకెవరినీ అది అంగీకరించదు. కోర్‌బూట్ మెనూలో సోర్స్ నుంచి కట్టడానికి బదులు, ఇప్పటికే ఉన్న పీఎక్స్‌ఈ రామ్‌ను చేర్చే అంశాన్ని ఎంచుకుని ఈ ఫైలును చూపించండి. సర్టిఫికెట్‌లోని పేరు, స్క్రిప్టులోని సర్వర్ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి.

సర్టిఫికెట్ గడువును ఐపీఎక్స్‌ఈ యంత్రంలోని గడియారంతో పోల్చి చూస్తుంది. బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోతే, నిక్షేపంలాంటి సర్టిఫికెట్ కూడా చెల్లదంటుంది. అందుకని అదే హెడర్ ఫైలులో, టైమ్ సర్వర్ నుంచి సరైన సమయం తెచ్చుకునే ‘ఎన్‌టీపీ’ ఆదేశాన్ని కూడా ప్రారంభించి, ఫర్మ్‌వేర్ స్క్రిప్టులో ‘డీహెచ్‌సీపీ’ తరువాత, ‘చైన్’కు ముందు, మీ టైమ్ సర్వర్ చిరునామాతో ఆ ఒక్క వరుస చేర్చండి.